పాత జావా బైకు పెట్రోలు ట్యాంకుకు ఇంట్లోనే పెయింట్ వేయవచ్చా?

నమస్కారమండీ. మా నాన్నగారి జావా 250ని మా షెడ్డులోనే బాగుచేస్తున్నాను. మైసూరులో ఐడియల్ జావా వాళ్లు తయారుచేసిన బండి. ఇంజను పని మెకానిక్ చూసుకున్నాడు, ఆ టెన్షన్ లేదు. బెంగంతా ట్యాంకు గురించే. మూత చుట్టూ పాత మెరూన్ రంగు పొక్కులు లేచి, గోటితో గీకితే పెచ్చులుగా ఊడుతోంది, కింద ఎర్రటి తుప్పు. పక్కల క్రోమ్ మాత్రం ఇంకా మెరుస్తోంది, దాన్ని ఎలాగైనా కాపాడుకోవాలి.

రంగు తీసే కెమికల్ పూస్తే క్రోమ్ పాడవుతుందా? టేపు వేసి ఎమరీ పేపరుతో రుద్దడమే మేలా? ముందు పూతగా ఎపాక్సీ ప్రైమర్ వేసి, దాని మీద పీయూ (పాలీయూరిథేన్) పెయింట్ కొడదామనుకుంటున్నాను, పెట్రోలు ఒలికినా తట్టుకుంటుందని. కానీ పెయింట్ గట్టిపడటానికి అందులో కలిపే హార్డెనర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, మామూలు మాస్కు చాలదు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. స్ప్రే వరకు బయట చేయించమంటారా? బంగారు రంగు గీతలు చేత్తో గీసేవాళ్లు విజయవాడ చుట్టుపక్కల ఉంటే దయచేసి చెప్పండి.