కెన్యా విత్తనాల తీర్పు: రైతు హక్కా, తెగుళ్లకు దారా?

నల్లరేగడి: 2025 నవంబర్‌లో కెన్యా హైకోర్టు ఇచ్చిన తీర్పు చూశారా? అక్కడ ధ్రువీకరణ లేని విత్తనం రైతు అమ్మినా, పక్కవాళ్లతో మార్చుకున్నా రెండేళ్ల దాకా జైలు, 10 లక్షల షిల్లింగుల దాకా జరిమానా ఉండేవి. 2022లో 15 మంది చిన్న రైతులు కోర్టుకెక్కితే ఇప్పుడు ఆ సెక్షన్లు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. మన దేశంలో 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టంలో ఈ హక్కు ముందునుంచీ ఉంది, బ్రాండు వేసి అమ్మకూడదంతే.

మిర్చి_యార్డు: 2011లో అదే కెన్యాలో, బొమెట్ ప్రాంతంలో మొక్కజొన్నకి రెండు వైరస్‌లు కలిసి చేలకు చేలు ఎండగొట్టాయి. విత్తనంతో కూడా పాకే రోగం అది. చేతులు మారే గింజని ఎవరు పరీక్షిస్తారు?

నల్లరేగడి: జొన్న, రాగి, అలసంద గింజల్లో బూడిద కలిపి దాచుకుంటారు వాళ్లు. 2020 చివర్నించి వరసగా ఐదు వానకాలాలు (అక్కడ ఏడాదికి రెండు) తప్పిన దేశం. ఎండకి ఓర్చే రకాలు ఈ గింజల్లోనే ఉన్నాయి.

మిర్చి_యార్డు: నేనడిగింది మొక్కజొన్న గురించి.

రాగిసంకటి: అదే, దానికి జవాబు రాలేదు.

నైరోబీ_తెలుగోడు: ఇక్కడ మొక్కజొన్న పిండి లేందే ఉగాలి ముద్ద లేదు. ఆగ్రోవెట్ కొట్లో (విత్తనాలు, మందులు అమ్మే దుకాణం) కొన్న ప్యాకెట్లోనూ నకిలీలు దొరుకుతున్నాయి.

మిర్చి_యార్డు: నాకు చెప్తున్నారా? ట్యాగు, లాట్ నంబరు చూసుకునే మిర్చి వేశా. చెట్టు ఏపుగా పెరిగింది, కాయ లేదు. మూడెకరాలు పోయాయి. బిల్లుంది కాబట్టే కేసు వేయగలిగా.

నల్లరేగడి: వేశారు. ఎంతొచ్చింది?

మిర్చి_యార్డు: ఇంకా నడుస్తోంది. వెటకారమా?

నల్లరేగడి: కాదండీ. మీకు అంటగట్టినవాడు దర్జాగా తిరుగుతున్నాడు. అక్కడ పక్కింటామెకి దోసెడు అలసందలు ఇచ్చినావిడకి ఈ తీర్పు దాకా జైలు. మీ చట్టం ఎవరిని కాపాడుతున్నట్టు?

మిర్చి_యార్డు: వాణ్ణి పట్టుకునే చట్టమే నేనడిగేది. మీరేమో చట్టమే వద్దంటున్నారు. ఆమె ఇచ్చిన గింజ మొలవకపోతే నష్టం ఎవరు కడతారు?

నల్లరేగడి: రేపు పొద్దున ఆమె మొహం చూడాలి కాబట్టి పాడు గింజ ఇవ్వదు. కంపెనీవాడి మొహం మీరెప్పుడైనా చూశారా?

మిర్చి_యార్డు: మొహం చూసి బ్యాంకువాడు అప్పు మాఫీ చేస్తాడా?

నైరోబీ_తెలుగోడు: ఇద్దరూ కొంచెం ఆగండి. కంపెనీ విత్తనాలకి పరీక్షలు అలాగే ఉన్నాయి. ఊరి విత్తన బ్యాంకుల్లో జొరబడి గింజలు ఎత్తుకుపోయే అధికారం విత్తన ఇన్‌స్పెక్టర్లకి తీసేశారు.

మిర్చి_యార్డు: మంచిది. ఆ బ్యాంకులో మొక్కజొన్న తీసుకుంటే చీటీ అయినా ఇస్తారా?