‘ట్రాప్’ని ఉచ్చు అనాలా, బోను అనాలా? ‘కొలిజన్’ సంగతేంటి?

గ్రూపులో పెద్దలకు నమస్కారం. డిగ్రీ పిల్లల కోసం తెలుగులో ఒక ఫిజిక్స్ వ్యాసం రాస్తున్నాను. లండన్ ఇంపీరియల్ కాలేజీవాళ్ళు కాల్షియం ఫ్లోరైడ్ అణువుల్నీ (మాలిక్యూల్స్) రుబీడియం పరమాణువుల్నీ (యాటమ్స్) బాగా చల్లబరిచి, అయస్కాంత క్షేత్రంలో కలిపి పట్టి ఉంచారు. అవి ఢీకొంటే ఏమవుతుందో చూసి 2021లో పేపర్ వేశారు. ట్రాప్‌కి ‘ఉచ్చు’, కొలిజన్‌కి ‘అభిఘాతం’ అని రాశాను కానీ చదువుతుంటే పంటికింద రాయిలా ఉంది.

జవాబు:
ఉచ్చు వద్దండీ. ఉచ్చు బిగుసుకుంటుంది, కాలో మెడో పట్టేస్తుంది. ఇక్కడ అణువులు లోపల తిరుగుతూనే ఉంటాయి, బయటికి మాత్రం పోలేవు. ఎలుకల బోను లాంటిదే. ‘అయస్కాంత బోను’ అనండి.

అభిఘాతం పాఠ్యపుస్తకాల మాట, తప్పేం కాదు. కానీ ఘాతం అంటే దెబ్బ. గది వేడిలో ఈ అణువు సెకనుకు 350 మీటర్ల వేగంతో పోతుంది, అప్పుడు దెబ్బే. వాళ్ళ ప్రయోగంలో ఉష్ణోగ్రత సుమారు 100 మైక్రోకెల్విన్లు (పరమశూన్యం కన్నా ఒక కెల్విన్‌లో పదివేలో వంతే ఎక్కువ). అంటే వేగం సెకనుకు 20 సెంటీమీటర్లు! నేనైతే ‘తాకిడి’ అంటాను.

అసలు చిక్కు ‘ఇనెలాస్టిక్’తో, అంటే ఢీకొన్నప్పుడు కదలిక శక్తి మొత్తం మారిపోయే రకంతో. ‘అస్థితిస్థాపక అభిఘాతం’ అంటే పిల్లలు సాగడం, వంగడం ఊహించుకుంటారు. ఇక్కడ జరిగేది వేరు. అణువు మొదటి భ్రమణ స్థాయిలో (తన చుట్టూ తాను తిరిగే శక్తిలో అట్టడుగుకి ఒక మెట్టు పైన) ఉంటే, రుబీడియాన్ని తాకగానే కింది స్థాయికి పడిపోతుంది. అప్పుడు విడుదలయ్యే శక్తి ఉష్ణోగ్రత లెక్కలో దాదాపు 1 కెల్విన్, అంటే దానికి అప్పటిదాకా ఉన్నదానికి పదివేల రెట్లు. దాంతో బోనులోంచి ఎగిరిపోతుంది. అణువు ముందే అట్టడుగు స్థాయిలో ఉంటే అలాంటి నష్టం వాళ్ళకి కనబడలేదు. కాబట్టి ‘స్థితి మార్చే తాకిడి’, ‘స్థితి మార్చని తాకిడి’ అంటే విషయం మాటలోనే ఉంటుంది.

ఇంకోటి, అణువుకీ పరమాణువుకీ తేడా మొదటి పేరాలోనే చెప్పేయండి. అణుబాంబు పుణ్యమా అని అణువంటే యాటమ్ అనుకునేవాళ్ళే ఎక్కువ.

మరొకరు:
తాకిడి అంటే నాకు తిరుమలలో భక్తుల తాకిడే గుర్తొస్తుందండీ. ‘బోనులో అణువుల తాకిడి పెరిగింది’ అంటే రద్దీ అనుకోరూ?

జవాబు:
అనుకుంటారు, నిజమే. అయితే రద్దీ అర్థంలో ఆ మాటకి బహువచనం వాడం. భక్తుల తాకిళ్ళు అని ఎవరూ అనరు. ‘తాకిళ్ళు పెరిగాయి’, ‘సెకనుకు ఇన్ని తాకిళ్ళు’ అని రాస్తే ఆ పేచీ రాదు.