అప్‌డేట్: డైనోలో (పవర్ కొలిచే యంత్రం) పవర్ పెరిగినా బండి లాగకపోవడానికి కారణం దొరికింది

సైలెన్సర్, ఈసీయూ మ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని సెట్టింగ్‌లు) మార్చాక నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బైక్‌కి పీక్ పవర్ (గరిష్ఠ పవర్) పెరిగింది, కానీ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో లాగట్లేదని అడిగాను కదా. మీరు చెప్పినట్టే మార్పులకు ముందు తీసిన పాత డైనో గ్రాఫు, తర్వాత తీసిన కొత్త గ్రాఫు ఒకదాని మీద ఒకటి పెట్టించాను. పాతది మన బెజవాడ మిట్టమధ్యాహ్నం ఎండలో తీసిన అన్‌కరెక్టెడ్ రన్ (వాతావరణాన్ని బట్టి సవరించని కొలత), కొత్తది ఎస్ఏఈ కరెక్షన్‌తో (ప్రామాణిక వాతావరణానికి సవరించిన కొలత)! వేడికి గాలి పలచబడి పవర్ తగ్గుతుంది కాబట్టి ఆ పోలికే చెల్లదు. రెండూ ఎస్ఏఈలోకి మార్చాక పీక్‌లో లాభం బాగా తగ్గిపోయింది.

అసలు సంగతి 2500–3500 ఆర్‌పీఎం మధ్య ఉంది. అక్కడ టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) గీత గుంటలా కుంగింది, సరిగ్గా అక్కడే ఏఎఫ్ఆర్ (గాలి, ఇంధనాల నిష్పత్తి) 15 దాటింది, అంటే గాలితో పోలిస్తే ఫ్యూయల్ తక్కువైంది. ఫుల్ థ్రాటిల్‌లో (యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు) అది 13 చుట్టుపక్కల ఉండాలి. ఆటోనగర్ ట్యూనర్ అక్కడ ఫ్యూయల్ పెంచగానే గుంట పూడింది, ఇప్పుడు కనకదుర్గ ఫ్లైఓవర్ హాయిగా ఎక్కేస్తోంది. పార్ట్ థ్రాటిల్ (యాక్సిలరేటర్ కొంతే తిప్పి) రన్ ఇంకా చేయించాలి, ఊళ్లో మనం నడిపేది అందులోనే కదా.