అప్‌డేట్: భోజనం లైన్‌లో తోటి పిల్లల్ని తోసేసే బాబు

దేవరకొండ దగ్గర ప్రైమరీ స్కూల్లో టీచర్‌ని. మధ్యాహ్న భోజనం లైన్‌లో మా మూడో తరగతి బాబు పిల్లల్ని తోసేస్తున్నాడు, కొడుతున్నాడు, ఏం చేయాలని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. సమస్య తీరింది.

పనికొచ్చింది మీలో ఒకరు చెప్పిన నాలుగు ప్రశ్నలే: ఏం జరిగింది, అప్పుడు నీకేమనిపించింది, ఎవరికి దెబ్బ తగిలింది, ఈసారి ఏం చేస్తావు. అయితే రాయమంటే వాడు పెన్సిల్ కొరుకుతూ కూర్చున్నాడు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లాడు, తెలుగులో రాయడమే వాడికి పెద్ద పని. బొమ్మ గీయమన్నాను. పొడుగాటి లైన్, చివర్లో తను, ముందు ఖాళీ గుడ్ల గిన్నె! గొడవంతా గుడ్డు పెట్టే రోజుల్లోనే ఎందుకో అప్పుడు అర్థమైంది. తన వంతు వచ్చేసరికి అయిపోతాయని వాడి టెన్షన్. "నేనే పంచుతా మేడమ్" అని దారి కూడా వాడే చూపించాడు. ఇప్పుడు పిల్లలు వంతులవారీగా వంటమ్మతో కలిసి పంచుతున్నారు, తోపులాట ఆగింది. దెబ్బ తిన్న పాపకు తనంతట తనే సారీ చెప్పాడు.

సీటు మార్చడం, అమ్మానాన్నలను పిలిపించడం అవసరమే రాలేదు. రెండు తగిలించమన్నవారికి: 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం అది నిషేధం. పైగా కొట్టి ఉంటే ఆ గిన్నె సంగతి బయటికొచ్చేదే కాదు.

ఇంకొకటి, గొడవైన వెంటనే అడగకండి, ఏడుపు తప్ప ఏమీ రాదు. అన్నం తిన్నాక పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.