థాయిలాండ్‌కి మూడున్నర కోట్లు, మనకి కోటి లోపు: విదేశీ టూరిస్టులు ఎందుకు రారు?

నల్లమల_నీలం (చర్చ మొదలుపెట్టినవారు):
2024లో థాయిలాండ్‌కి వచ్చిన విదేశీయులు దాదాపు 3.55 కోట్ల మంది. మనకి వచ్చినవాళ్లు కోటికి కాస్త తక్కువ. మన దగ్గర తాజ్‌మహల్ నుంచి రామప్ప దాకా నలభైకి పైగా యునెస్కో వారసత్వ స్థలాలున్నాయి, వాళ్లకి పది కూడా లేవు. చూడ్డానికి ఏముందన్నదే లెక్కయితే ఈ అంకెలు తలకిందులు కావాలి. బీచ్‌లు, పబ్బులు అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

లెక్కల_మాస్టారు:
ఈ అంకెల్లో లెక్కపెట్టేది మనుషుల్ని కాదు, రాకల్ని. ఒకే మనిషి ఏడాదిలో ఆరుసార్లు వచ్చి ఒక్కో రాత్రి పడుకుంటే ఆరు. 2024లో థాయిలాండ్‌కి చైనా నుంచి 67 లక్షలు, దాని తర్వాత మలేసియా నుంచి 49 లక్షల పైచిలుకు. ఈ మలేసియా వాళ్లలో చాలామంది శుక్రవారం సాయంత్రం కారులో సదావ్ సరిహద్దు దాటి అవతలి థాయ్ ఊరు హాట్ యాయ్‌లో తిని, కొనుక్కుని ఆదివారం ఇంటికి పోయేవాళ్లు. మలేసియాదీ అదే కథ. 2019లో 2.61 కోట్లు చూపిస్తే అందులో కోటి పైన సింగపూర్ వాళ్లే, వంతెన దాటితే చాలు. ఫ్రాన్స్ 10 కోట్లంటుంది. చుట్టూ బెల్జియం, జర్మనీ, బ్రిటన్, స్విట్జర్లాండ్ ఉన్నాయి. స్పెయిన్‌కి కారులో పోయే జర్మన్ దారిలో ఒక రాత్రి ఆగినా ఫ్రాన్స్ ఖాతాలో పడతాడు. షెంగెన్ ఒప్పందం వల్ల చాలా యూరప్ దేశాల మధ్య సరిహద్దులో ఆపేవాడు లేడు కాబట్టి ఆ అంకె సర్వేతో వేసిన అంచనా.

మనకి పొరుగు ఎవరు? పాకిస్తాన్‌తో రాకపోకలు లేవు. చైనా వైపు హిమాలయాలు, 2020 నుంచి 2025 జులై దాకా టూరిస్టు వీసాలే లేవు. మిగిలినవాటిలో ఎక్కువమంది వచ్చేది బంగ్లాదేశ్ నుంచి. 2019లో మనకొచ్చిన 1.09 కోట్లలో దాదాపు పావు వంతు వాళ్లే, అందులోనూ చాలామంది కోల్‌కతా, చెన్నై ఆసుపత్రులకి. డబ్బున్న పొరుగువాడు లేని దేశం రాకల్లో వెనకబడుతుంది. దీనికి పరువు ప్రతిష్ఠల చర్చ అక్కర్లేదు.

పిచ్చుకగూడు:
మాస్టారు దిగారు. అందరూ టీలు పెట్టుకోండి.

కొత్తపేట_కుర్రాడు:
ఇవన్నీ ఎందుకు సార్. తాజ్‌మహల్ దగ్గర మనకి 50, వాళ్లకి 1100. లోపల సమాధి చూడాలంటే ఎవరికైనా ఇంకో 200. గోల్కొండలో మనకి 25, వాళ్లకి 300. మొహం చూసి రేటు వేస్తే ఎవడొస్తాడు? అదీ కారణం.

వీసా_డెస్క్:
కుర్రాడు గారూ, బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్‌లో విదేశీయుడికి 500 బాట్లు, థాయ్ వాళ్లకి ఉచితం. సిమిలాన్ దీవుల పార్కులో విదేశీయుడి దగ్గర 500 తీసుకుంటారు. అక్కడా రెండు రేట్లే, అయినా వస్తున్నారు. రెండు వారాల ట్రిప్పుకి రెండు మూడు లక్షలు పెట్టేవాడు 1100 దగ్గర ఆగడు.

మాస్టారు చెప్పిన పొరుగు సంగతి నిజమే కానీ సగమే. సింగపూర్ వాళ్లని, మలేసియా వాళ్లని తీసేసినా లండన్ నుంచి పదకొండు పన్నెండు గంటలు ఎగిరి బ్యాంకాక్ పోయేవాడు, అంతకన్నా దగ్గరున్న మన దేశానికి ఎందుకు రాడు? విదేశీయుల్ని ఇక్కడికి రప్పించే పనిలో ఉన్న మాలాంటివాళ్లకి కనిపించేవి ఇవి.

వీసా: 2014 నవంబర్ 27న 43 దేశాలతో ఈ-వీసా మొదలైంది, తర్వాత 160 దాటింది. చాలా దేశాలకి 30 రోజులది 25 డాలర్లు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా 10, ఏడాదిది 40, ఐదేళ్లది 80. ధర బాగానే ఉంది, చిక్కంతా ఫారంలో. ఫొటో చతురస్రంగా జేపెగ్, పాస్‌పోర్ట్ పేజీ 300 కేబీ లోపు పీడీఎఫ్, ప్రయాణానికి కనీసం నాలుగు రోజుల ముందు. ఇంటిపేరు గడిలో అసలు పేరు పడినా, పాస్‌పోర్ట్ నంబరులో సున్నా బదులు ఓ అక్షరం పడినా గేటు దగ్గర ఎయిర్‌లైన్ వాళ్లు ఎక్కనివ్వకపోవచ్చు. కట్టిన డబ్బు వెనక్కి రాదు. గూగుల్‌లో వెతికితే ప్రభుత్వ సైటును పోలిన నకిలీవి పైన వస్తాయి, అవి మూడు నాలుగు రెట్లు గుంజుతాయి. పైగా చాలా ఏళ్లు ఈ-వీసా విమానాశ్రయాల్లోనూ కొన్ని ఓడరేవుల్లోనూ మాత్రమే చెల్లింది. నేపాల్ చూసి బస్సులో దిగుదామనుకున్నవాడికి అది పనికిరాలేదు. థాయిలాండ్ 2024 జులైలో 93 దేశాలకి 60 రోజులు వీసా లేకుండానే రమ్మంది.

దిగాక: బ్యాంకాక్ విమానాశ్రయం సువర్ణభూమిలో పాస్‌పోర్ట్ ఇస్తే ఐదు నిమిషాల్లో సిమ్. మన దగ్గర కాగితాలు ఇచ్చాక అది పనిచేసేదాకా గంటలు ఆగాలి. ఆలోపు విమానాశ్రయం వైఫై కావాలంటే ఓటీపీ విదేశీ నంబరుకి ఒక్కోసారి రాదు. క్యాబ్ యాప్‌లో విదేశీ కార్డు ఒక్కోసారి పడదు. యూపీఐ కావాలంటే విదేశీయుల కోసం 2023లో పెట్టిన వాలెట్ ఉంది, అది ఇచ్చే కౌంటరు ఎక్కడుందో వెతుక్కోవాలి. రైలుకి విదేశీయుల కోటా ఏడాది ముందే తెరుచుకుంటుంది, మంచి సదుపాయం. కానీ ఖాతా తెరవడానికి విదేశీ మొబైల్ ధ్రువీకరణ, దానికి వేరే రుసుము. ఇందులో ఏ ఒక్కటీ పెద్దది కాదు, కానీ మొదటి రెండు రోజుల్లోనే అన్నీ మీద పడతాయి. ఇంటికెళ్లి స్నేహితులకి చెప్పేది వీటి గురించే.

డాలస్_సుబ్బు:
ఒక వింత. మా పిల్లలు అమెరికా పాస్‌పోర్టుతో శంషాబాద్‌లో దిగితే విదేశీ టూరిస్టులు. పక్కనే భారత పాస్‌పోర్టుతో నేను దిగితే ఎన్నారై, ఆ లెక్కలో ఉండను. దిగాక అందరం వెళ్లేది భీమవరమే.

లెక్కల_మాస్టారు:
సుబ్బు గారు అసలు నరం పట్టుకున్నారు. మన పర్యాటక శాఖ విదేశీ పాస్‌పోర్టుల్ని ఒక అంకెగా, ఎన్నారైలతో కలిపి ఇంకో అంకెగా ఇస్తుంది. 2019లో మొదటిది 1.09 కోట్లు, రెండోది 1.79 కోట్లు. అంతర్జాతీయ నిర్వచనం చూసేది పాస్‌పోర్టుని కాదు, నివాసాన్ని. కాబట్టి పోలికకి 1.79 వాడాలి. ఇక 2023లో విదేశీ పాస్‌పోర్టులతో వచ్చినవాళ్లలో విహారం కోసం అన్నవాళ్లు సగం కూడా లేరు, పావు వంతు పైన మన మూలాలున్నవాళ్లే. అంటే చర్చ శీర్షికలోని కోటి కూడా తప్పే. పాస్‌పోర్టు లెక్కకి అది సరి, పోలికకి తక్కువ, చూడ్డానికి వచ్చినవాళ్ల లెక్కకి ఎక్కువ.

వీసా_డెస్క్:
అయితే డబ్బు చూడండి. 2019లో మనకి విదేశీయుల వల్ల వచ్చింది 30 బిలియన్ డాలర్లు, థాయిలాండ్‌కి 60. తలసరి చూస్తే మనకి 2,750, వాళ్లకి 1,500. మన దగ్గరికి వచ్చినవాడు ఎక్కువ రోజులుంటాడు, ఎక్కువ ఖర్చుపెడతాడు. రానివాడే సమస్య.

లెక్కల_మాస్టారు:
ఆ 30 బిలియన్‌లో ఎన్నారైల ఖర్చూ ఉంది, విదేశీ నివాసి ఎవరు ఖర్చుపెట్టినా అందులో పడుతుంది. పైన 1.79 కోట్ల మంది ఖర్చు, కింద 1.09 కోట్ల మంది తలలు. సరిగ్గా భాగిస్తే 1,680కి దగ్గర. 2,750 దిద్దండి.

వీసా_డెస్క్:
అయినా థాయిలాండ్ కన్నా ఎక్కువే కదా.

లెక్కల_మాస్టారు:
ఎక్కువే. 2,750 మాత్రం కాదు.

సీమ_సింహం:
మీరిద్దరూ భాగహారాల్లో ఉండండి. ఆడపిల్లలు ఒంటరిగా తిరగలేని దేశానికి ఎవరొస్తారు? అమెరికా వాళ్ల హెచ్చరిక పేజీ చదవండి. థాయిలాండ్‌లో టూరిస్ట్ పోలీసుకి 1155 కొడితే ఇంగ్లిష్‌లో మాట్లాడతారు.

వీసా_డెస్క్:
మనకీ 1363 ఉంది, హిందీ కాక పది పైచిలుకు విదేశీ భాషల్లో. అయితే అది సమాచారం చెప్పే నంబరు, మనిషిని పంపేది కాదు. భద్రత విషయంలో మీ మాట కాదనను. దానికి తోడు మన సీజన్ అక్టోబరు నుంచి మార్చి. చాలామంది ఢిల్లీలో దిగి ఆగ్రా, జైపూర్ తిరుగుతారు. సరిగ్గా నవంబర్, డిసెంబర్లలోనే ఢిల్లీ గాలి పీల్చలేం.

లాడ్జి_రామం:
ఇంతసేపూ చదివాను. మీరెవరూ గది ఇచ్చేవాడి సంగతి ఎత్తలేదు. మాది హనుమకొండ వైపు. రామప్పకి యునెస్కో గుర్తింపు 2021లో వచ్చింది, విదేశీయులు వస్తారన్నారు. ఒక విదేశీయుడికి గది ఇస్తే 24 గంటల్లోపు పాస్‌పోర్టు, వీసా వివరాలు, ఫొటో ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. అందరం ఫారం-సి అంటామే, అది. వీసా నంబరు ఒక అంకె తేడా పడితే సంజాయిషీ మాది. రాత్రి డ్యూటీ కుర్రాడికి ఇంగ్లిష్ రాదు, పోర్టల్ తిరుగుతూనే ఉంటుంది, పొద్దున్నే విచారణ ఫోను. ఒక్క రాత్రికి పద్దెనిమిది వందల గదికి ఈ గొడవెందుకు? గది లేదని చెప్పేస్తాం.

వీసా_డెస్క్:
రామం గారూ, థాయిలాండ్‌లోనూ 24 గంటల్లోపు చెప్పాలి, టీఎం30 అంటారు. రూలు ఒకటే. అక్కడి లాడ్జీ వాడు రోజూ చేస్తాడు కాబట్టి రెండు నిమిషాల పని. మీరు ముందే ఖాతా తెరిచి, చెక్-ఇన్ అప్పుడే పాస్‌పోర్టు, వీసా పేజీలు స్కాన్ చేసుకుంటే రాత్రి హడావుడి ఉండదు. మీలాంటివాళ్లు గది లేదన్నందుకే కదా రామప్ప గుడి ఉన్న పాలంపేట ప్యాకేజీ అమ్మలేక వదిలేస్తున్నది! హైదరాబాద్ నుంచి రెండు వందల కిలోమీటర్ల పైన కారు, మళ్లీ అదే రోజు వెనక్కి అంటే అరవై ఏళ్ల ఫ్రెంచ్ దంపతులు ఒప్పుకోరు.

లాడ్జి_రామం:
అమ్మలేకపోతే మీ వ్యాపారం నష్టం. నన్నెందుకు అంటారు?

కొత్తపేట_కుర్రాడు:
నేను మొదటినుంచీ అంటున్నా, టికెట్ 300 తీసేస్తే...

పిచ్చుకగూడు:
టికెట్ వదిలెయ్ తమ్ముడూ.

వీసా_డెస్క్:
నన్నెందుకు అంటారా? పరిశ్రమ హోదా ఇవ్వండి, కరెంటు రేటు తగ్గించండి అని హోటళ్ల వాళ్లే అడుగుతారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 లోపు గదికి జీఎస్టీ 12 నుంచి 5కి దిగింది. రాయితీ పుచ్చుకుంటారు, అతిథిని మాత్రం గుమ్మంలోంచే పంపేస్తారు.

లాడ్జి_రామం:
5 శాతం అన్నారు, ఇన్‌పుట్ క్రెడిట్, అంటే మేం కొన్నవాటి మీద కట్టిన పన్ను తగ్గించుకునే వీలు, పోయిన సంగతి చెప్పరేం? అసలు మాట చెప్తా వినండి. మాఘం, ఫాల్గుణం ముహూర్తాలకి నా గదులన్నీ పెళ్లివాళ్లకే. మేడారం జాతర అప్పుడు వరండాలో చాప వేసినా ఆగుతారు. 2023లో దేశంలో దేశీయ ప్రయాణాలు 250 కోట్లని మీ పర్యాటక శాఖే చెప్పింది. మనవాడు ఫోన్‌పే కొడతాడు, ఆధార్ చూపిస్తాడు, ఇడ్లీ తిని పోతాడు. విదేశీయుడు నాకు అవసరం లేదు. తిరుపతి, విజయవాడ, వైజాగ్ ఎక్కడ అడిగినా చిన్న లాడ్జీ వాడు ఇదే అంటాడు. పైకి అనడు, అంతే.

నల్లమల_నీలం:
అంటే మనం అడగాల్సిన ప్రశ్న ఎందుకు రారు అని కాదు. మనకి కావాలా అని.

సీమ_సింహం:
కావాలి. డాలర్లు ఊరికే రావు.

వీసా_డెస్క్:
రామం గారు ఉన్నమాట చెప్పారు, కోపం వచ్చినా ఒప్పుకోవాలి. థాయిలాండ్ జనాభా ఏడు కోట్లు. సొంత జనంతో వాళ్ల హోటళ్లు నిండవు. అందుకే 1960లోనే టూరిజం కోసం సంస్థ పెట్టుకున్నారు, అందుకే సిమ్ కౌంటరు అయిదు నిమిషాల్లో తేల్చేస్తుంది. మనకి గదులు ఎలాగూ నిండుతున్నాయి కాబట్టి ప్రభుత్వానికీ తొందర లేదు. విదేశాల్లో ప్రచారానికి 2024-25 బడ్జెట్‌లో 33 కోట్లు పెట్టి, మరుసటి ఏడు 3 కోట్ల చిల్లరకి దించారు. విదేశాల్లోని టూరిజం ఆఫీసులూ మూసేశారు. జీఎస్టీ చట్టంలో విదేశీ టూరిస్టుకి కొన్న వస్తువుల పన్ను వాపసు సెక్షన్ 2017 నుంచి కాగితం మీదే ఉంది. థాయిలాండ్‌లో ఒక షాపులో ఒకరోజు 2,000 బాట్ల సరుకు కొంటే ఫారం రాసిస్తారు, విమానాశ్రయంలో డబ్బు చేతికొస్తుంది. దుబాయ్ నుంచి వారానికి 66 వేల సీట్ల దగ్గర పరిమితి పదేళ్లుగా కదల్లేదు. మన ఎయిర్‌లైన్లని కాపాడుకోవాలని దాన్ని పెంచరు. యూరప్ వాడికి దుబాయ్ మీదుగా రావడమే సులువు, సీటు దొరకదు, దొరికితే ధర మండిపోతుంది.

ఇదంతా చేతకాక కాదు, అక్కర లేక. నాకు అక్కర ఉంది, రామం గారికి లేదు. ఖర్చు, తలనొప్పి ఆయనవి, కమీషన్ నాది. ఇది తేలకుండా వీసా రేటు ఇంకో పది డాలర్లు తగ్గించినా హనుమకొండలో గది దొరకదు.

లాడ్జి_రామం:
ఇప్పుడు దారికొచ్చారు. ఆ ఫారం మీ డెస్కే నింపి, తప్పు పడితే సంజాయిషీ మీరే ఇస్తానని కాగితం రాయండి. వారానికి రెండు గదులు పక్కన పెడతా. ముహూర్తాల్లో కాదు.

వీసా_డెస్క్:
చట్టం గది ఇచ్చినవాడినే అడుగుతుంది. నింపిపెడతాను, బాధ్యత రాసివ్వలేను.

లాడ్జి_రామం:
అయితే గది లేదు.

మోడరేటర్:
వ్యాపార బేరాలు మెసేజ్‌లో మాట్లాడుకోండి. చర్చ తెరిచే ఉంటుంది.

లెక్కల_మాస్టారు:
2,750 ఇంకా దిద్దలేదు.