ఊకతో కాల్చే ఇటుక బట్టీలో పొగనూ ఖర్చునూ తగ్గించే మార్గం ఏది?

గౌతమిగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది ఆలమూరు దగ్గర, గౌతమి గట్టును ఆనుకుని ఉన్న ఊరు. నాన్నగారు ముప్పయ్యేళ్ళు నడిపిన ఇటుక బట్టీని రెండేళ్ళుగా నేను చూసుకుంటున్నాను. సంక్రాంతి వెళ్ళగానే అచ్చు వేయడం మొదలుపెట్టి, తొలకరి రాకముందే ఆఖరి బట్టీ విప్పేస్తాము. ఏడాదికి అయిదు లక్షల ఇటుక తీస్తాము. మా బట్టీకి చిమ్నీ లేదు. పచ్చి ఇటుకను దొంతరలుగా పేర్చి, వరుసల మధ్య ఊక పోసి, చుట్టూ బురదమట్టి మెత్తి, అడుగున సరుగుడు కట్టెలతో నిప్పు పెట్టే పాత పద్ధతే మాది.

నాన్నగారి రోజుల్లో రైసుమిల్లు వారు ఊకను తీసుకువెళ్ళమని బతిమాలేవారట. ఇప్పుడు ఉప్పుడు బియ్యం మిల్లులు తమ బాయిలర్లకు ఉంచుకోగా మిగిలిన దానికి మేము పోటీ పడి కొనవలసి వస్తోంది. లక్ష ఇటుకలు కాల్చడానికి మాకు సుమారు 45 టన్నుల ఊక పడుతోంది. అంత పోసినా అంచు వరుసల్లో ఇటుక సరిగా కాలదు, నడిమి వరుసల్లో మాడిపోయి ఒకదానికొకటి అతుక్కుంటుంది.

ఖర్చు ఒక ఎత్తయితే పొగ మరొక ఎత్తు. ఒడిశా నుండి వచ్చి మా దగ్గర అచ్చు వేసే కుటుంబాలు బట్టీకి యాభై గజాల దూరంలోనే పాకలు వేసుకుని ఉంటాయి. నిప్పు పెట్టిన తరువాత పది పదిహేను రోజులు ఆ పిల్లలు దగ్గుతూనే ఉంటారు. ఆ దగ్గు విన్న రాత్రి నాకు నిద్ర పట్టదు. జిగ్‌జాగ్ బట్టీకి మారాలా, నిలువు షాఫ్ట్ బట్టీ కట్టాలా, లేక మట్టి ఇటుకను మానేసి థర్మల్ కేంద్రాల బొగ్గు బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుకకు వెళ్ళాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సెగలెక్క

తమ్ముడూ, ఇరవయ్యేళ్ళుగా బట్టీల మీద పనిచేస్తున్నవాడిని, కొంచెం వివరంగానే చెబుతాను. ముందు మీరు ఇచ్చిన అంకెతోనే లెక్క వేద్దాము. కాలిన ఇటుక బరువు మూడు కిలోలనుకుంటే లక్ష ఇటుకలు 300 టన్నులు. కిలో ఊకలో సుమారు 14 మెగాజౌళ్ళ (మెగాజౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడి ఉంటుంది కనుక, మీరు కిలో ఇటుక కాల్చడానికి 2 మెగాజౌళ్ళకు కొంచెం పైగా ఖర్చు పెడుతున్నారు. సరిగా నడిపే జిగ్‌జాగ్ బట్టీలో అదే పని దాదాపు 1.1 మెగాజౌళ్ళతోనూ, నిలువు షాఫ్ట్ బట్టీలో ఒకటి లోపునూ అవుతుంది. అంటే మీరు కొంటున్న ఊకలో సగం దాకా ఇటుకకు పనికిరాకుండా పోతోంది. ధాన్యంలో ఊక అయిదో వంతు కాబట్టి 45 టన్నుల ఊక అంటే 225 టన్నుల ధాన్యం ఆడించగా వచ్చే ఊక. అందులో సగం వృథా కావడం ఎంత నష్టమో డెల్టా రైతు బిడ్డకు నేను వేరే చెప్పనక్కరలేదు.

ఆ సగం ఎటు పోతోందో చూడండి. మీ బట్టీలో కాలిన ఇటుక ఎర్రగా ఉన్నప్పుడు దానిలో ఉన్న వేడి అంతా, బట్టీ చల్లారేదాకా గాలిలో కలిసిపోతుంది. గాలి ఆడని ఊక సగం కాలి సగం కాలక నల్లటి పొగగా పైకి పోతుంది, అంటే మీరు చూస్తున్న ఆ పొగ కూడా మీరు డబ్బు పెట్టి కొన్న ఇంధనమే. జిగ్‌జాగ్ బట్టీలో ఇటుక కదలదు, నిప్పు ముందుకు నడుస్తుంది. లోపలికి వచ్చే చల్లగాలి ముందుగా కాలిన ఇటుకల మధ్య నుండి వచ్చి వాటి వేడిని తీసుకుని నిప్పును చేరుతుంది, నిప్పు దాటిన వేడి పొగ ముందున్న పచ్చి ఇటుకల మధ్య మెలికలు తిరుగుతూ వాటిని ఆరబెట్టి, తన వేడి పోగొట్టుకుని చిమ్నీకి చేరుతుంది. ఆ మెలికల దారిలో గాలి, మంట బాగా కలుస్తాయి కనుక పొగలో మసి తగ్గుతుంది. మన దేశంలో 1970ల్లోనే రూర్కీలోని కేంద్ర భవన నిర్మాణ పరిశోధన సంస్థ ఇటువంటి బట్టీని రూపొందించింది.

అయితే మీరు దానికి మారాలని నేను చెప్పను. జిగ్‌జాగ్ బట్టీ మామూలుగా రోజుకు 20 వేల నుండి 50 వేల ఇటుకలు తీసేలా కడతారు. మీ ఏడాది ఇటుక అంతా దానికి నెల రోజుల మేత కూడా కాదు. నిప్పు ఆగితే దాని లాభమే పోతుంది. ఆరేడుగురు యజమానులు కలిసి ఒకే బట్టీ కట్టుకుంటే తప్ప అది గిట్టదు. అదీగాక అక్కడ చాలామంది వాడేది బొగ్గు. ఊక కాలినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను మళ్ళీ వచ్చే పంట పీల్చుకుంటుంది, బొగ్గు పొగకు ఆ అవకాశం లేదు. ఊకను వదిలి బొగ్గుకు వెళ్ళడం ఒక్కటే అయితే దాన్ని మెరుగుదల అనడానికి నాకు మనసొప్పదు.

నిలువు షాఫ్ట్ బట్టీ చైనాలో పుట్టింది, మన దేశంలో 1996లో మధ్యప్రదేశ్‌లోని దతియాలో మొదటిది కట్టారు. నిప్పు నడిమిలోనే నిలిచి ఉంటుంది, ఇటుకలు పైనుండి కిందికి దిగుతూ ఒక్క రోజులో కాలి బయటికి వస్తాయి. చిన్న యజమానికి సరిపోయే పరిమాణం, పైకప్పు ఉంటుంది కనుక వాన భయం లేదు. చిక్కంతా మన మట్టితోనే. జిగురు ఎక్కువగా ఉన్న ఒండ్రుమట్టి అంత వేగంగా వేడెక్కితే పగుళ్ళు విడుస్తుంది, పచ్చి ఇటుక గట్టిగా లేకపోతే పై వరుసల బరువుకు కింది వరుసలు నలుగుతాయి. మీ మట్టిని అటువంటి బట్టీలో కాల్పించి చూడకుండా ఒక్క రూపాయి పెట్టకండి.

బట్టీ మార్చకుండానే మీరు చేయగలిగినవి ఉన్నాయి. మొదటిది పచ్చి ఇటుక తడి. మన దగ్గర ఫిబ్రవరి దాకా మంచు కురుస్తుంది, ఆ తరువాత సముద్రం మీది గాలి చెమ్మ తెస్తుంది. పైకి ఆరినట్టు కనిపించే ఇటుకలో పదో వంతు నీరు ఉండిపోతే లక్ష ఇటుకలలో 30 టన్నుల నీరు ఉన్నట్లు లెక్క. దాన్ని ఆవిరి చేయడానికే అయిదారు టన్నుల ఊక కాలిపోతుంది. ఆ తడిని నాలుగు శాతానికి తేగలిగితే మూడు టన్నులకు పైగా మిగులుతుంది, దానికి కావలసింది రాత్రిపూట కప్పడానికి టార్పాలిన్లు, మరొక వారం ఓపిక. నిప్పు పెట్టిన మొదటి రోజుల్లో వచ్చే తెల్లటి పొగకు కూడా తడి ఇటుకే కారణం.

రెండవది, ఇంధనాన్ని ఇటుక లోపల పెట్టడం. ఉప్పుడు మిల్లుల బాయిలరు బూడిద నల్లగా ఉందంటే అందులో కాలని కర్బనం మిగిలి ఉందన్నమాట. దాన్ని మెత్తగా జల్లెడ పట్టి మట్టిలో కలిపితే ఇటుక లోపలి నుండి కూడా కాలుతుంది, జిగురుమట్టి ఆరేటప్పుడు ముడుచుకుని పగలడం కూడా తగ్గుతుంది. మోతాదు మించితే ఇటుక గుల్లబారుతుంది. కనుక నూటికి అయిదు పాళ్ళతో వెయ్యి, పది పాళ్ళతో వెయ్యి ఇటుకలు విడిగా గుర్తు పెట్టి కాల్చండి. కాలిన ఇటుకను ఆరబెట్టి తూచి, 24 గంటలు నీళ్ళలో నానబెట్టి మళ్ళీ తూచండి. మామూలు తరగతి ఇటుకకు పెరిగిన బరువు 20 శాతం దాటకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 1077 చెబుతుంది.

బంగ్లాదేశ్ కూడా మనలాగే డెల్టా. అక్కడ ఖుల్నా ప్రాంతంలో 276 బట్టీల మీద జరిపిన ప్రయోగం ఫలితాలు 2025లో సైన్స్ పత్రికలో వచ్చాయి. కొత్త బట్టీలు కట్టించకుండా, ఉన్న జిగ్‌జాగ్ బట్టీలలోనే ఇటుక పేర్చే తీరు మార్చి, ఇంధనాన్ని ఒకేసారి కుమ్మరించకుండా కొద్దికొద్దిగా ఆగకుండా వేయించి, బొగ్గుకు తోడు రంపపు పొట్టు వంటివి కలిపి, పైన బూడిద కప్పును మందం చేయించారు. 65 శాతం యజమానులు ఈ పద్ధతులు పాటించారు, పాటించిన చోట ఇంధనం 23 శాతం తగ్గింది. వారి బట్టీ వేరు, మీ బట్టీ వేరు. అయినా పేర్పులోనూ కప్పులోనూ మీకు పనికివచ్చేది ఉంది. మీ అంచు వరుసలు కాలకపోవడానికి కారణం మెత్తిన మట్టి పలచగా ఉండడమే అని నా అనుమానం. వచ్చేసారి విరిగిన ఇటుకలతో చుట్టూ ఒక వరుస గోడ పేర్చి, ఆ సందులో ఊకబూడిద నింపి, పైన మెత్తండి. ఊకబూడిద వేడిని పట్టి ఉంచడంలో దానికదే సాటి. మన నేలలో నీరు పైకే ఉంటుంది కనుక అడుగున కూడా అదే బూడిద పరిచి, దాని మీద ముక్క ఇటుక వేసి పేర్పు మొదలుపెట్టండి.

కడియపులంక నర్సరీ

బట్టీ పొగను భరించే వైపు నుండి ఒక మాట రాస్తున్నాను. మా నర్సరీకి మూడు వందల గజాల దూరంలో ఒక బట్టీ ఉంది. అది కాలే రోజుల్లో క్రోటన్ ఆకుల మీద మసి పొరలా పేరుకుంటుంది, కడిగిన రెండో రోజుకే మళ్ళీ పడుతుంది, మరక పడిన మొక్కను కొనుగోలుదారు పక్కన పెట్టేస్తాడు. ఆ యజమానితో మాకు తగాదా లేదు, ఆయన కూడా బతకాలి. 2022 ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం కొత్త బట్టీలు జనావాసాలకూ పండ్ల తోటలకూ కనీసం 800 మీటర్ల దూరంలో ఉండాలి. అవి జిగ్‌జాగ్ లేదా నిలువు షాఫ్ట్ పద్ధతిలో గాని, గొట్టపు గ్యాసుతో గాని నడవాలి. టైర్లు, ప్లాస్టిక్, పెట్‌కోక్ (ముడిచమురు శుద్ధిలో మిగిలే బొగ్గులాంటి ఇంధనం) కాల్చకూడదు. మీరు ఇంత ఆలోచిస్తున్నందుకు సంతోషంగా ఉంది. అయితే పాత స్థలంలోనే డబ్బు పెట్టే ముందు కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో మీ బట్టీ సంగతి అడిగి తెలుసుకోండి. పాకలను మాత్రం ఈ సీజనులోనే బట్టీకి గాలి వచ్చే వైపు, వీలైనంత దూరంగా వేయించండి, దానికి ఏ యంత్రమూ అక్కరలేదు.

గౌతమిగట్టు

పాకల సంగతి నాకు తట్టనే లేదండి, ఇంతకాలం నీటి బోరుకు దగ్గరగా ఉంటుందని అక్కడే వేయిస్తున్నాము. పైపు లాగిస్తే సరిపోతుంది. సెగలెక్క అన్నయ్యగారికి కృతజ్ఞతలు. ఫ్లైయాష్ గురించి ఎవరైనా చెప్పగలరా? మట్టి కోసం మా ఊళ్ళో రైతులు పొలాల మెరక తీయించి అమ్ముతున్నారు, ఆ పొలాలు తరువాత నీళ్ళు నిలిచి పాడవుతున్నాయి. అది కూడా నా మనసులో ఉంది.

అనకాపల్లి బూడిద

మాది చిన్న ఫ్లైయాష్ ఇటుకల యూనిట్. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం బూడిద మాకు దగ్గర కనుక మొదలుపెట్టాము. బూడిద, సున్నం, జిప్సం కలిపి కాల్చకుండానే గట్టిపడే ఇటుకను తయారుచేసే ఫాల్-జి పద్ధతిని విశాఖపట్నంలోనే డాక్టర్ భానుమతీదాస్, కాళిదాస్ గార్లు అభివృద్ధి చేశారు. ఇప్పుడు చాలామంది సున్నం బదులు సిమెంటు వాడుతున్నారు. బట్టీ ఉండదు, పొగ ఉండదు, పొలం మట్టి తీయనక్కరలేదు. మీ మట్టి లెక్క నేను వేసి చూశాను. ఎకరంలో అడుగు లోతు మట్టి అయిదారు లక్షల ఇటుకలకు సరిపోతుంది, అంటే మీ ఒక్క బట్టీయే ఏటా ఎకరం చొప్పున పైమట్టి తింటోంది.

అయితే ఇబ్బందులు దాచకుండా చెబుతాను. మీ ఊరికి బూడిదను లారీలో తేవాలి, ఆ కిరాయి మీద మీ లాభం ఆధారపడుతుంది. ప్రెస్ యంత్రం, కరెంటు కావాలి. అచ్చు తీసిన ఇటుకను రెండు మూడు వారాలు తడపాలి. గిరాకీ ఉందని వారం రోజులకే లారీ ఎక్కించేవారి వల్లనే ఈ ఇటుక అంచులు రాలుతుందన్న చెడ్డపేరు వచ్చింది. మీ దగ్గర అచ్చు వేసే కుటుంబాలకు ఇందులో అంత పని దొరకదు, ఆ విషయం కూడా మీరు ఆలోచించుకోవాలి.

తాపీగోడ

నేను రావులపాలెం వైపు ఇళ్ళు కట్టించే ఇంజనీరును. కాల్చే తీరు గురించి అందరూ చెప్పారు, నేను ఇటుకల సంఖ్య గురించి చెబుతాను. ఇటుకలను అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలి కట్టే రాట్ ట్రాప్ బాండ్ గోడకు, మామూలు తొమ్మిదంగుళాల గోడ కంటే ఇటుక నాలుగో వంతు తక్కువ పడుతుంది. కేరళలో లారీ బేకర్ అనే వాస్తుశిల్పి దీన్ని ఎన్నో ఇళ్ళకు వాడారు. ఆ ఖాళీ వల్ల ఎండ వేడి లోపలికి తక్కువగా వస్తుంది. కాని దీనికి కొలత సరిగ్గా ఉన్న, అంచులు వంకర లేని ఇటుక కావాలి, మన బట్టీల ఇటుకతో మేస్త్రి ఆ కట్టుబడి చేయలేడు. మీరు అచ్చులు కొత్తవి చేయించి ఒకే కొలతలో ఇటుక ఇవ్వగలిగితే నాలాంటి వారు వెయ్యికి నాలుగు డబ్బులు ఎక్కువ ఇచ్చి కొంటారు.

గౌతమిగట్టు

అందరి మాటలూ నాన్నగారికి చదివి వినిపించాను. ఈ ఏడు బట్టీ మార్చడం లేదు. మొదటి బట్టీకి టార్పాలిన్లు కొని ఇటుకను మరో వారం ఆరబెడతాము, చుట్టూ బూడిద నింపిన గోడ పేరుస్తాము, బాయిలరు బూడిద కలిపిన రెండు వేల ఇటుకలను గుర్తు గీసి నడిమి వరుసల్లో పెడతాము. ఊకను లారీ లెక్కన కాక కాటా వేయించి రాసుకుంటాను. ఆ అంకెలు బాగుంటే పక్క ఊళ్ళ యజమానులను కూర్చోబెట్టి ఉమ్మడి జిగ్‌జాగ్ గురించి మాట్లాడవచ్చునని నాన్నగారే అన్నారు. ఒక సందేహం. పేర్చే ముందు పచ్చి ఇటుకలో తడి ఎంత ఉందో ఇంటి దగ్గర తెలుసుకోవడం ఎలా?

సెగలెక్క

దొంతర పైనుండి తీయకండి, అవి ఎప్పుడూ ఆరే ఉంటాయి. నడిమి వరుసల నుండి వేరు వేరు చోట్ల అయిదు ఇటుకలు తీసి, ఒక్కొక్కటి గ్రాములతో సహా తూచి రాసుకోండి. వాటిని ముక్కలు చేసి, పొడి రాలిపోకుండా ఇనుప మూకుడులో సన్నటి సెగ మీద పెట్టి, గంటకొకసారి తూస్తూ బరువు తగ్గడం ఆగేదాకా ఉంచండి. తగ్గిన బరువును ఆరిన బరువుతో భాగించి నూరుతో గుణిస్తే తడి శాతం వస్తుంది. అయిదింటిలో ఒక్కటి ఎనిమిది దాటినా ఆ దొంతరను ఇంకా పేర్చకండి.