రద్దీ పార్కులో ఆటిజం పిల్లలకి లైన్ మినహాయింపు అడగాలా, లైన్లో నిలబడటం నేర్పాలా?

ఉప్పుగాలి:
దసరా సెలవులొస్తున్నాయి. వైజాగ్ నుంచి హైదరాబాద్ పార్కులకి వెళ్లేవాళ్లు వెళ్తారు, మిగతావాళ్లు ఎగ్జిబిషన్‌కో కైలాసగిరికో. ఆటిజం ఉన్న ఆరేడేళ్ల పిల్లల్ని తీసుకెళ్లేవాళ్ల మధ్య ఏటా ఒకటే తగువు. వైకల్యం కార్డు చూపించి లైన్ దాటించమనడం హక్కని కొందరు, అలా అలవాటు చేస్తే రేపు ఎక్కడా నిలబడరని కొందరు. విషయం తెలిసినవాళ్లు కారణంతో సహా చెప్పండి. "ఓపిక పట్టండి, దేవుడున్నాడు" లాంటివి ఇక్కడొద్దు.

పెదవాల్తేరు_పెద్దాయన:
అడక్కూడదనే నా మాట. బస్సు, బ్యాంకు, ఆసుపత్రి ఓపీ, రైతు బజారు, బతుకంతా లైన్లే. ఆటిజం పిల్లలకి ఒకసారి చూసిన వరస రూలైపోతుంది. మొదటిసారి పక్క గేటులోంచి ఎక్కించారనుకోండి, రెండోసారీ అదే గేటు కావాలంటారు. ఆ రోజు ఆ గేటుకి తాళం ఉంటే అక్కడే కూలబడతారు. ఆ అలవాటు మాన్పించడానికి నెలలు పడుతుంది. ఇంకొకటి, మెళ్లో కార్డు వేసి తిప్పితే పిల్లాడి సంగతి ఊరంతా దండోరా వేసినట్టే. పెద్దయ్యాక వాడు ఒప్పుకుంటాడో లేదో మనకేం తెలుసు?

కొబ్బరిబొండాం:
ఏటండీ ఈ గొడవ. పార్కు వాళ్లే డబ్బులు తీసుకుని ఫాస్ట్‌ట్రాక్ టికెట్ అమ్ముతున్నారు కదా. హైదరాబాద్ వండర్‌లాలో కూడా అది ఉంది. ఎక్కువ డబ్బు కట్టినోడు ముందుకెళ్లిపోతే ఎవడూ నోరెత్తడు, నిలబడలేని పిల్లాడు వెళ్తే మాత్రం నీతులు గుర్తొస్తాయి.

ఓటీ_సీతమ్మధార:
పెద్దాయన గారు "వరస రూలైపోతుంది" అన్నది నిజం. అందుకే మినహాయింపు దొరికినా ప్రతి రైడుకీ వాడొద్దంటాను. అయితే ఆగడం నేర్పే చోటు పార్కు కాదు. ఈత నేర్పుతామని ఎవరూ ఆర్కే బీచ్ అలల్లోకి తొయ్యరు.

ఇంట్లో మొదలుపెట్టేది ఇలా. అరచేయి బొమ్మతో "ఆగు" అని ఒక కార్డు. పిల్లాడికి ఇష్టమైన వస్తువు మీ చేతిలో ఉంటుంది. కార్డు చూపించి అయిదు సెకన్లలో వస్తువు ఇచ్చెయ్యాలి. వరసగా నాలుగైదుసార్లు గొడవ లేకుండా జరిగితే పది సెకన్లు, తర్వాత ముప్ఫై, ఒక నిమిషం, రెండు నిమిషాలు. నిమిషం దాటాక ఇసుక గడియారమో ఫోన్ టైమరో కళ్ల ముందు ఉండాలి. "ఇంకొంచెం సేపే" అన్న మాటకి వాళ్ల లెక్కలో కొలత లేదు. అయిదు నిమిషాలు వచ్చాక బయట, అదీ ముగ్గురో నలుగురో ఉన్న బేకరీ కౌంటర్ దగ్గర.

ఎక్కువగా చెడేది ఒకచోటే. ఏడుపు మొదలైన క్షణంలో వస్తువు ఇచ్చేస్తారు. దాంతో ఆగడం బదులు ఏడిస్తే దొరుకుతుందన్నది నేర్చుకుంటాడు. ఏడుస్తాడని తెలిసే చోటికి రెండు సెకన్ల ముందే ఆపి ఇచ్చెయ్యండి.

రోజూ చేసినా పది నిమిషాల ఓపికకి రావడానికే నెలలు పట్టొచ్చు. దసరా ఆదివారం నలభై అయిదు నిమిషాల లైన్ ఆ పాఠానికి పరీక్ష కూడా కాదు, శిక్ష.

నిశ్శబ్దం_కావాలి:
ఆటిజం ఉన్న పెద్దల వైపు నుంచి ఒక మాట. లైన్లో కష్టం టైముతోనే వస్తుందనుకుని మాట్లాడుతున్నారు. రెండు వైపులా ఇనుప గొట్టాలు, వెనకవాళ్ల బ్యాగు నిమిషానికోసారి వీపుకి తగలడం, ముందువాళ్ల సెంటు వాసన, రేకుల షెడ్డు కింద మోగే కేకలు, అన్నిటికన్నా ముందు ఈ లైన్ ఎక్కడ ముగుస్తుందో కనబడకపోవడం. అరగంట ఎదురుచూడగలిగిన పిల్లాడు కూడా ఆ గొట్టాల మధ్య అయిదు నిమిషాలు ఉండలేకపోవచ్చు. కాబట్టి "ఎంతసేపు" అనే ముందు "ఎక్కడ" అని అడగండి.

గేటుమనిషి:
రైడ్లు నడిపే పని తెలిసినవాడిగా లెక్క చెప్తాను. 24 సీట్ల రైడు అనుకోండి. తిరగడానికి రెండు నిమిషాలు, దించి ఎక్కించి లాక్‌లు చూడటానికి రెండు. ట్రిప్పుకి నాలుగు నిమిషాలు. లైన్లో 240 మంది ఉంటే పది ట్రిప్పులు, చివరివాడికి 40 నిమిషాలు. ప్రతి ట్రిప్పులోనూ ఒక పిల్లాడికీ తోడొచ్చిన ఒకరికీ రెండు సీట్లు ఇచ్చినా 22 మంది ఎక్కుతారు, పదకొండు ట్రిప్పులు, 44 నిమిషాలు. నాలుగు నిమిషాల తేడా. ప్రతి ట్రిప్పుకీ అలాంటి పిల్లాడు రావడం ఎక్కడా ఉండదు కూడా.

జనం తిరగబడేది పిల్లాడితో పాటు బాబాయిలూ మేనత్తలూ ఎక్కినప్పుడు. అయిదు సీట్లు పోతే 19 మందే ఎక్కుతారు. పదమూడు ట్రిప్పులు, 52 నిమిషాలు. అందుకే అడిగేటప్పుడు "పిల్లాడూ, నేనూ, ఇద్దరమే" అని మొదటే చెప్పండి. మిగతావాళ్లు లైన్లో రావాలి. తోడుగా ఒకరికే సరే అనే గేటు దగ్గర ఏడుగుర్ని చూస్తే ఎవరైనా మొహం తిప్పేస్తారు.

ఇంకోటి. పక్క గేటంటే సాధారణంగా దిగేవాళ్ల గేటే. ట్రిప్పు ఆగి, ఉన్నవాళ్లు దిగుతున్నప్పుడు ఎదురెళ్లొద్దు. అందరూ దిగి ఖాళీ అయ్యాకే. రద్దీకి ఎదురు నడిస్తే ఆ పిల్లాడికి లైన్ కన్నా ఘోరం.

పెదవాల్తేరు_పెద్దాయన:
లెక్క బాగుంది. కానీ రేపు షుగర్ ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, చంటిబిడ్డ తల్లులు అందరూ వస్తారు. గీత ఎక్కడ గీస్తారు?

సెక్షన్29:
గీత కొంతవరకు గీసే ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 29వ సెక్షన్ వినోదంలో, సాంస్కృతిక జీవితంలో సమానంగా పాల్గొనే హక్కు గురించి. "సహేతుక సర్దుబాటు" అనే మాటని 2వ సెక్షన్లోనే నిర్వచించారు. అవతలివాళ్ల మీద మోయలేని భారం పడకుండా అవసరమైన మార్పు చెయ్యడం అని. రుజువుగా ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు (యూడీఐడీ) ఉంది. మోకాళ్ల నొప్పికి ఆ కార్డు ఊరికే రాదు.

అయితే కొబ్బరిబొండాం గారి పక్షం వాళ్లు కూడా ఒకటి గమనించాలి. చట్టంలో లైన్ దాటించాలన్న మాట ఎక్కడా లేదు. గేటు దగ్గర "చట్టం ఉంది" అని గొంతు పెంచితే అక్కడి కుర్రాడు చేసేదేమీ ఉండదు, పైవాళ్లని పిలుస్తాడు, ఆ పది నిమిషాల గొడవలో పిల్లాడు చెదిరిపోతాడు. టికెట్ కొనకముందే ఫోన్ చేసి, ఈ-మెయిల్లో జవాబు తెప్పించుకుని, దాన్ని గెస్ట్ రిలేషన్స్ కౌంటర్లో చూపించడమే పనికొచ్చే దారి. అడగాల్సింది నాలుగు ముక్కలు: లైన్ బయట ఎదురుచూడనిస్తారా, తోడుగా ఎందరు, ఇంటి తిండి లోపలికి రానిస్తారా, శబ్దం లేని గది ఏదైనా ఉందా (లేకపోతే ఫస్ట్ ఎయిడ్ గది పది నిమిషాలు ఇస్తారా).

అమెరికా డిస్నీ పార్కుల్లో డీఏఎస్ (డిజెబిలిటీ యాక్సెస్ సర్వీస్) అనే పద్ధతిలో లైన్ దాటించరు. ఆ రైడుకి అప్పుడు ఎంత వెయిటింగ్ ఉందో చూసి, తిరిగి రావలసిన టైము ఇస్తారు. ఆ సేపు చెట్టు కింద కూర్చోవచ్చు. వాడకం విపరీతంగా పెరిగిపోవడంతో 2024లో దాన్ని ప్రధానంగా ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యలకి కుదించారు. ఎదురుచూపు అందరితో సమానమే, చోటు వేరు. పెద్దాయన గారూ, దీనికైనా ఒప్పుకుంటారా?

పెదవాల్తేరు_పెద్దాయన:
దీనికి ఒప్పుకుంటాను. మన దగ్గర అది లేదు కదా.

ఓటీ_సీతమ్మధార:
మనమే చేసుకోవచ్చు. ఇద్దరు పెద్దవాళ్లుంటే ఒకరు లైన్లో, ఒకరు పిల్లాడితో నీడలో. ముందు పదిమంది ఉన్నారనగా ఫోన్. ఇక్కడ చెడేది ఏంటంటే, వెనకవాళ్లకి ఆఖర్లో చెప్తారు. "మధ్యలో దూరారు" అని గొడవ. నిలబడగానే వెనకున్న రెండు కుటుంబాలకి చెప్పెయ్యండి, "మా పిల్లాడు బయట ఉన్నాడు, ఆఖర్లో వస్తాడు" అని. ఆటిజం పేరు కూడా ఎత్తక్కర్లేదు, దండోరా బాధా తీరుతుంది. గొట్టాల లైన్ మెలికలు తిరిగి ఉంటే మధ్యలోకి రావడం కుదరదు. అలాంటి రైడుకి మాత్రం దిగే గేటు అడగండి.

ఉప్పుగాలి:
లైన్ సంగతి పక్కన పెడితే, మిగతా ఏర్పాట్లలో ఎక్కువ ఎక్కడ దెబ్బతింటారు?

నిశ్శబ్దం_కావాలి:
బట్టలు. వాటర్ రైడ్లకి నైలాన్ లాంటి సింథటిక్ బట్టలే రానిస్తారు, నూలు పోగులు ఫిల్టర్లకి అడ్డం పడతాయని. గేటు దగ్గర కొన్న కొత్త నైలాన్ బిగుతుగా, గరగరలాడుతూ ఉంటుంది. చాలామంది పిల్లలు అక్కడే విప్పి పారేస్తారు. నెల ముందు కొని, నాలుగైదుసార్లు ఉతికి, మెడ దగ్గర లేబుల్ కుట్టుతో సహా విప్పేసి, ఇంట్లో బకెట్ స్నానంలో తడిపి వేసుకోనివ్వండి. పొడిగా ఓర్చుకున్న గుడ్డ తడిస్తే ఓర్చుకోలేకపోవచ్చు.

చెవులకి పెట్టే డిఫెండర్లు శబ్దాన్ని తగ్గిస్తాయి, లేకుండా చెయ్యవు. వైజాగ్ ఉక్కపోతలో లోపల చెమట పట్టి విసిరేస్తారు. ఇంట్లో మిక్సీ తిరిగేటప్పుడు అయిదు నిమిషాలతో మొదలుపెట్టి అరగంటకి తీసుకురండి. వేగంగా తిరిగే రైడ్ల మీద తీసెయ్యాలి, ఎగిరి ఎవరికైనా తగులుతాయి. టాయిలెట్లలో చేతులారబెట్టే మెషీన్ శబ్దానికి లోపలికే రాని పిల్లలుంటారు, కాబట్టి అక్కడ కూడా చెవులకి ఉండాలి. వేవ్ పూల్లో అలలు మొదలయ్యే ముందు సైరన్ మోగిస్తారు. రెయిన్ డాన్స్ వైపు స్పీకర్ల సంగతి చెప్పక్కర్లేదు.

గేటుమనిషి:
తప్పిపోవడం గురించి ఎవరూ అనలేదు. అసలు భయం అదే. ఆటిజం పిల్లలు చెయ్యి విదిలించుకుని పరుగెత్తేది చాలాసార్లు నీళ్ల వైపు. పిల్లాడు కనబడకపోతే తల్లిదండ్రులు ముందు మైక్ అనౌన్స్‌మెంట్‌కి పరుగెడతారు. పేరు పిలిస్తే పలకని పిల్లాడికి మైక్ ఏం చేస్తుంది? ఒకరు దగ్గరున్న పూల్‌కి, ఒకరు బయటి గేటుకి, ఆ రెండూ అయ్యాకే కౌంటర్. లైఫ్‌గార్డుకి "ఎర్ర చొక్కా, ఇంత ఎత్తు, పిలిస్తే పలకడు, తిరిగే ఫ్యానులంటే ఇష్టం" అని చెప్పండి. పొద్దున్న బయల్దేరేటప్పుడు ఆ రోజు బట్టల్తో ఒక ఫోటో తీసి ఉంచుకోండి. చొక్కా వీపున పేరు రాయించొద్దు, పేరు పెట్టి పిలిచే కొత్తవాడి వెంట వెళ్లిపోతారు. ఫోన్ నంబరు ఒక్కటే, నీళ్లకి పోని మార్కర్‌తో చేతి మీద, ఇంకోసారి బట్ట లోపలి వైపు. దొరక్కపోతే 112కి చెయ్యడానికి మొహమాటపడొద్దు.

ఎత్తు చూసి రైడ్ ఎక్కిస్తారు, వయసు చూసి కాదు. చెప్పుల్లేకుండా ఇంట్లో కొలిచి వెళ్లండి. గేటు దాకా వెళ్లాక సెంటీమీటరు తక్కువని ఆపితే ఆ రోజు అక్కడితో సరి.

కొబ్బరిబొండాం:
తిండి గురించి కూడా. పెరుగన్నం తప్ప ముట్టని పిల్లలుంటారు. బయటి తిండి వద్దనే చోటికి డాక్టర్ చీటీ పట్టుకెళ్లండి. డబ్బా కూడా రోజూ తినే డబ్బాయే.

ఓటీ_సీతమ్మధార:
తట్టుకోలేక కుప్పకూలిపోతే (మెల్ట్‌డౌన్ అంటారు; మొండి ఏడుపు వేరు, ఇది వేరు) మాటలు తగ్గించెయ్యండి. "ఏమైంది, ఏమైంది" అని నలుగురు అడిగితే అది ఇంకో నాలుగు శబ్దాలు. ప్రమాదం ఉంటే తప్ప గట్టిగా పట్టుకోవద్దు. నీడకి, గోడ వైపు తిప్పి, వీడియో తీసేవాళ్లకి ఒకరు అడ్డం నిలబడాలి. తేరుకోవడానికి అరగంట పైనే పట్టొచ్చు. తేరుకున్నాక "టికెట్ దండగ" అని ఇంకో రైడ్ ఎక్కించకుండా నేరుగా బయటికి రండి. మొదటిసారికి మూడు గంటలు చాలు. నవ్వుతూ ఉండగానే బయటపడితే మళ్లీ వెళ్దామంటాడు.

పెదవాల్తేరు_పెద్దాయన:
ఇన్ని ఏర్పాట్లు చేసి తీసుకెళ్లడం కన్నా మానెయ్యడం నయం అనేవాళ్లూ ఉంటారు. నేను ఆ మాట అనను. కానీ మొదటిసారే హైదరాబాద్ ఎందుకు? అంతదూరం వెళ్లాం కదాని మూడు గంటలకి ఎవరూ బయటికి రారు. ఊళ్లో ముందు చూసుకోవాలి.

ఉప్పుగాలి:
ఊళ్లో అంటే ఏ వరసలో?

ఓటీ_సీతమ్మధార:
మొదట కైలాసగిరి టాయ్ ట్రైను, పనిదినం పొద్దున్నే. టికెట్, చిన్న లైన్, ఎక్కడం, ఒక చుట్టు, దిగడం: పెద్ద పార్కు వరసంతా అందులో చిన్నగా ఉంది. ఆ అయిదింటికీ ఫోటోలు తీసి కార్డులు చేసుకోండి, హైదరాబాద్‌లో అవే పనికొస్తాయి. రోప్‌వే మొదటిసారికి వద్దు, తలుపు మూశాక మధ్యలో దిగడం ఉండదు. తర్వాత జూ, అక్కడ శబ్దం పెరిగితే పక్కకి తప్పుకోవడానికి చోటుంటుంది. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ బాగా తర్వాత. లోపల ఇరుకు, ఒకవైపు ఎక్కి ఇంకోవైపు దిగాలి, వెనక్కి తిరిగే వీల్లేదు. అది గొడవ లేకుండా దాటితే గొట్టాల లైన్ ప్రయత్నించొచ్చు. ఎగ్జిబిషన్ ఆఖరికి, అదీ సాయంత్రం తెరిచిన మొదటి అరగంటలో, జనరేటర్లకి దూరంగా ఉన్న వైపు నుంచి.

గేటుమనిషి:
జూకీ సబ్‌మెరైన్‌కీ సోమవారం సెలవు. రద్దీ ఉండదని సోమవారం పెట్టుకునేరు, మూసిన గేటు చూపించాల్సొస్తుంది. మంగళవారం పెట్టుకోండి.